మామూ పేరు, మామూ వాల్వ్

2023 రంజాన్, పద్నాలుగో రోజా. రెండో షిఫ్టుకి పోతూ మా చిన్న మామూ పాశమైలారంలో కంపెనీ గేటు దగ్గర పడిపోయాడు. సెక్యూరిటీ వాళ్లు మొహం మీద నీళ్లు చల్లి, ఆటోలో ఇస్నాపూర్ చౌరస్తా దాకా తెచ్చి ఇంటికి ఫోన్ చేశారు. అందరం ఒకటే మాట అన్నాం: రోజా కదా, ఎండ కదా, కమ్జోరీ. ముమానీ అయితే "సహరీకి రెండు ముద్దలు తిని లేస్తడు, ఇంకేమైతది మరి" అని కసురుకుంది. మామూ ఏం మాట్లాడలేదు. తర్వాత తెలిసింది, ఆరు నెలల నుంచి రియాక్టర్ మీదికి మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగిపోతున్నాడట. ఎవరైనా చూస్తే బీడీ కోసం ఆగినట్టు జేబులు తడుముకునేవాడట. బీడీ మానేసి అప్పటికే ఏడేళ్లు.

పటాన్‌చెరులో ఒక చిన్న క్లినిక్ డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి రెండు నిమిషాలు కదలకుండా విన్నాడు. మందు రాయలేదు. "ముందు ఎకో తీయించుకురా" అన్నాడు. ఆయనకి అల్లా మేలు చేయాలి. గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి పంపించేసి ఉంటే మాకు ఏం తెలిసేది?

ఎకో రిపోర్ట్ వాట్సాప్‌లో ముందు నాకే వచ్చింది. మా ఖాందాన్‌లో ఎవరికి ఏ రిపోర్ట్ వచ్చినా నాకే వస్తుంది. నేను డాక్టర్‌ని కాదు, నర్సుని కాదు. మెడికల్ కోడర్‌ని. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా అమ్మీ మాత్రం చుట్టాలకి "మా బేటీ అమెరికా దవాఖానాల పని చేస్తది" అనే చెప్తుంది. కొందరు నేను రాత్రంతా ఫోన్‌లో ఇంగ్లీష్ మాట్లాడతాననుకుంటారు. అది ఏఆర్ కాలర్ల పని. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి క్లెయిమ్ పైసలు ఎందుకు ఆపారని అడిగేది వాళ్లు. మాది పగటి పనే, నోరు మెదపని పని. అమెరికాలో డాక్టర్ రాసిన ఆపరేషన్ నోట్ చదివి, రోగానికి ఒక కోడ్, చేసిన పనికి ఒక కోడ్ వేయాలి. ఆ కోడ్ చూసే ఇన్సూరెన్స్ పైసలిస్తుంది. సంగారెడ్డిలో బీఎస్సీ చేసి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, 2019లో సీపీసీ పరీక్ష రాశాను. అప్పుడు అది 150 ప్రశ్నలు, ఐదు గంటల నలభై నిమిషాలు. పుస్తకాలు చూసి రాయొచ్చు అంటే ఆసాన్ అనుకుంటారు. పుస్తకం తెరిచాకే తెలుస్తుంది దాంట్లో ఎంత గుంజుకుపోతామో. 2020 లాక్‌డౌన్ నుంచి పోతిరెడ్డిపల్లి దగ్గర మా ఇంట్లో, బియ్యం డ్రమ్ము పక్కన టేబుల్ వేసుకుని పని చేస్తున్నాను.

నా టీమ్ గుండె ఆపరేషన్లది. 33405 అనే నంబర్ నాకు ఇంటి నంబర్ కన్నా బాగా గుర్తు. గుండె తెరిచి అయోర్టిక్ వాల్వ్ మార్చితే సర్జన్ బిల్లుకి వేసే కోడ్ అది. గుండె నుంచి ఒంటికి రక్తం పంపే పెద్ద నాళం మొదట్లో మూడు రేకుల తలుపు ఉంటుంది. అది గట్టిపడి సరిగా తెరుచుకోకపోతే రక్తం ముందుకు పోదు. మనిషి మెట్లెక్కలేడు, పడిపోతాడు. సర్జన్ రొమ్ము ఎముకని నిలువునా కోస్తాడు, రక్తాన్ని పంప్ మెషీన్‌కి మళ్లిస్తాడు, గుండెని ఆపుతాడు. నాళం తెరిచి పాత రేకుల్ని కత్తిరించి, పేరుకున్న సున్నాన్ని గీకి, కొలత చూసి కొత్త వాల్వ్ కుట్టి, గుండెని మళ్లీ నడిపించి, ఎముకని తీగలతో బిగిస్తాడు. నాలుగైదు గంటల పని. నోట్ మూడు పేజీలు. కోడ్ ఐదంకెలు.

మాకు మొదటి నెలలోనే నేర్పించే సంగతి ఒకటుంది. ఆ ఐదంకెల్లోనే అంతా ఉంది. రొమ్ము కోసినందుకు వేరే, పంప్ పెట్టినందుకు వేరే, కుట్లు వేసినందుకు వేరే అని కోడ్‌లు వేయకూడదు. ఒకే పనిని ముక్కలు చేసి ముక్కముక్కకీ బిల్లు వేయడాన్ని అన్‌బండ్లింగ్ అంటారు. ఆడిటర్ పట్టుకుంటే నా మార్కులు పోతాయి, క్లయింట్‌కి జుర్మానా పడొచ్చు. ఆపరేషన్ తర్వాత 90 రోజుల దాకా సర్జన్ మామూలుగా వచ్చి చూసినందుకు కూడా వేరే ఫీజు లేదు, అదీ 33405లోనే. ఈ పాఠం నాకు అమెరికా ముసలాళ్ల చార్టుల మీద తప్ప ఇంకెక్కడా పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు.

మామూ రిపోర్ట్ తెరిచాను. సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్. చూడగానే చేతి అలవాటు, మనసులో ఐ35.0 అని పడింది. కింద ఇంకో లైన్: మైట్రల్ వాల్వ్ కూడా మందంగా ఉంది, కొంచెం లీకు. అప్పుడు ఆ కోడ్ చెల్లదు. రెండు వాల్వ్‌లూ చెడితే, కారణం ఫలానా అని డాక్టర్ రాయకపోతే, మా పుస్తకం దాన్ని రుమాటిక్ కింద లెక్కేస్తుంది, ఐ08.0. అంటే చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల జ్వరం వచ్చి, అది గుండెని పట్టుకుందని. నానీకి ఫోన్ చేసి అడిగాను, మామూకి చిన్నప్పుడు మోకాళ్లు వాచేవా అని. "వాచుడా? సదాశివపేటల ఉన్నప్పుడు ఒక సాలంతా నడవలే. నూనె రాసి రాసి నా చేతులు పోయినయి. నీకెవరు చెప్పిన్రు?" అంది. ఎవరూ చెప్పలేదు నానీ, పుస్తకంలో ఉంది అన్నాను. మూడు వారాలకొక పెన్సిలిన్ ఇంజక్షన్ అప్పట్లోనే పడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. కానీ అప్పుడు సదాశివపేటలో ఆ పిల్లగాడి గుండె మీద చెవి పెట్టినవాళ్లు ఎవరు?

ఇంక పైసల మాట.

సిటీలో ఒక ప్రైవేట్ దవాఖానాలో అడిగితే నాలుగున్నర లక్షలు, "ఇంకా పైన కావచ్చు" అన్నారు. మామూ జీతం పద్నాలుగు వేలు. అందరూ ఆరోగ్యశ్రీ ఉంది కదా అన్నారు. దాని హద్దు పది లక్షలు చేసింది ఆ సంవత్సరం డిసెంబర్ 9న. ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర కూచున్న పిల్ల మామూ కాగితాలు చూసి, "అంకుల్, మీకు ఈఎస్‌ఐ కట్ అవుతుంది కదా, మీరు అట్నుంచే రావాలె" అంది. నిజమే. పే స్లిప్‌లో ప్రతి నెలా 105 రూపాయలు. జీతంలో 0.75 శాతం కార్మికుడిది, 3.25 శాతం యజమానిది. 21 వేల లోపు జీతమున్న వాళ్లకి అది హక్కు, ఖైరాత్ కాదు. మామూ మాత్రం ఆ కార్డుని జ్వరం గోలీల కార్డు అనుకుని ఇరవై ఏళ్లు జేబులో పెట్టుకు తిరిగాడు.

రామచంద్రాపురం ఈఎస్‌ఐ దవాఖానాకి పోయాం. డాక్టర్ మంచిగానే చూసింది. పైకి రాయాలంటే కంప్యూటర్‌లో ఆధార్ కలవాలి. కలవలేదు.

మన ఇళ్లల్లో ఈ కథ తెలియనివాళ్లు ఉండరు. ఆధార్‌లో మామూ పేరు ముందు మొహమ్మద్ పూర్తిగా ఉంది. ఈఎస్‌ఐలో ఎం డి అని రెండక్షరాలు. పాత ఫ్యాక్టరీ కాగితాల్లో ఎం ఓ హెచ్ డి, చివర్లో చుక్క. బ్యాంకులో ఇంకో స్పెల్లింగ్. మనిషి ఒక్కడే, పేరు ఒక్కటే, రాసినవాళ్లే నలుగురు. ఎవరూ మామూని అడిగి రాయలేదు. పైగా మామూకి రెండు ఈఎస్‌ఐ నంబర్లున్నాయని అక్కడే తెలిసింది. ఒక మనిషికి జీవితాంతం ఒకే నంబర్ ఉండాలి, కంపెనీ మారినా అదే నడవాలి. 2021లో కొత్త కాంట్రాక్టర్ పాత నంబర్ అడగకుండా కొత్తది తీశాడు. పుట్టిన తేదీ కూడా వేరే, జనవరి 1. మన బస్తీలో సగం మంది జనవరి 1నే పుట్టారు, మాషా అల్లా.

ఇంటికొచ్చి నా సిస్టమ్ ముందు కూచుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అమెరికాలో క్లెయిమ్ వెనక్కి రావడానికి పెద్ద రోగమేం అక్కర్లేదు. కార్డు మీద పేరుకీ క్లెయిమ్ మీద పేరుకీ ఒక్క అక్షరం తేడా ఉంటే చాలు. ఏ తప్పూ లేని క్లెయిమ్‌ని మేం క్లీన్ క్లెయిమ్ అంటాం. ముక్కూమొహం తెలియని వాళ్ల పేర్లు క్లీన్‌గా ఉండాలని రోజంతా కళ్లు చించుకుంటాను. మా మామూ పేరు ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

పేరు సరిచేయాలంటే యజమాని లెటర్ కావాలి. మామూ కాంట్రాక్టర్ మనిషి. కాంట్రాక్టర్ ఆఫీసు ఇస్నాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ మీద గది. ముమానీ, నేను నాలుగుసార్లు పోయాం. ఒకసారి "సార్ లేడు", ఒకసారి "స్టాంప్ లేదు", ఒకసారి "మీ ఆయనని పంపించు" అన్నారు. మెట్లెక్కలేని మనిషిని మెట్ల మీదున్న ఆఫీసుకి పంపమంటున్నారు. నాలుగోసారి ముమానీ బుర్ఖా అంచు నడుంకి చెక్కుకుని అక్కడే నేల మీద కూచుంది.

ఎందుకు తప్పించుకుంటున్నాడో నాకు రెండు రోజుల తర్వాత అర్థమైంది. ఉమంగ్ యాప్‌లో ఈఎస్‌ఐ లెక్క చూసుకోవచ్చని ఒక స్నేహితురాలు చెప్పింది. చూశాను. 2022 అక్టోబర్, నవంబర్‌లో కట్టినట్టుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా నాలుగు నెలలు ఖాళీ. పే స్లిప్‌లో మాత్రం ఆ నాలుగు నెలలూ 105 రూపాయలు కోశాడు.

ఇది చదివే మీ ఇంట్లో ఎవరైనా పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి వైపు కాంట్రాక్టు మీద పని చేస్తుంటే ఈ పూటే ఆ యాప్ తెరిచి చూడండి. రేపు కాదు. ఈఎస్‌ఐలో ఆరు నెలలకొక ఖాతా. అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టిన దాన్ని బట్టి ఆ తర్వాత జూలై నుంచి డిసెంబర్ దాకా, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టిన దాన్ని బట్టి ఆ తర్వాత జనవరి నుంచి జూన్ దాకా, జబ్బు చేసి ఇంట్లో ఉంటే జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదిలో 91 రోజుల వరకు. కానీ ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకి చందా పడి ఉండాలి. మామూకి పడింది రెండు నెలలు, 52 రోజులు. ఆపరేషన్ జూలైలో అయితే మూడు నెలలు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది? కాంట్రాక్టర్ మింగింది నాలుగు నూటైదులు కాదు. మామూ లేవలేని రోజుల రొట్టె.

నాకు కానూన్ తెలియదు. తెలిసింది అప్పీల్ లెటర్ రాయడం. మా పనిలో క్లెయిమ్ తిరస్కరిస్తే, ఏ తేదీ, ఏ నంబర్, ఏ నియమం, ఏ కాగితం జతచేశాం అని రాసి పంపుతారు. తిట్లుండవు, ఏడుపుండదు. మా వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ యూనియన్ పెద్దాయన నియమం చెప్పాడు: 1948 ఈఎస్‌ఐ చట్టం, సెక్షన్ 40. కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్న కార్మికుడి చందా కూడా ముందు కట్టాల్సింది అసలు కంపెనీనే, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. "ఆ గదికి తిరుగుడు బంద్ చేయ్ బేటీ, పెద్ద గేటుకి పో" అన్నాడు. ఒక పేజీ రాశాను. ఎడమ పక్క పే స్లిప్పుల తేదీలు, కుడి పక్క ఈఎస్‌ఐలో ఖాళీ నెలలు. కింద సెక్షన్ 40. ఒక కాపీ ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకి అని ఒక లైన్. ఆ లైనే పనిచేసిందని నా నమ్మకం. మూడో రోజు పెద్ద గేటు లోపల హెచ్‌ఆర్ ఆఫీసర్ మమ్మల్ని కుర్చీల్లో కూచోబెట్టి చాయ్ తెప్పించాడు. పేరు సరిచేసే లెటర్ మీద సంతకం అక్కడే అయింది. నాలుగు నెలల చందా జూన్ నెలలో పడింది. ముమానీ ఆ చాయ్ ముట్టుకోలేదు.

బక్రీద్ జూన్ 29న. ప్రతి ఏడూ మామూ ఇంటింటికీ హిస్సాలు మోసుకుపోయేవాడు. ఆ సారి అరుగు మీద కూచుని పిల్లల్ని పంపాడు. వారం తిరక్కుండా సనత్‌నగర్‌లో మళ్లీ ఎకో తీసి, సిటీలో ఒక టై-అప్ దవాఖానాకి ఆపరేషన్‌కి రాసిచ్చారు.

సర్జన్ మంచి మనిషి. కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పాడు. మైట్రల్‌ని ఇప్పుడు ముట్టుకోనక్కర్లేదు, అయోర్టిక్ మార్చాలి. వాల్వ్‌లు రెండు రకాలు. లోహంది పెడితే చాలా ఏళ్లు ఆగుతుంది, కానీ రక్తం పల్చబడే గోలీ బతికినంత కాలం వేసుకోవాలి, రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. జంతువుల కండతో చేసింది పెడితే ఆ గోలీ బాధ తక్కువ, కానీ పది పదిహేనేళ్లలో అరిగిపోవచ్చు, అప్పుడు మళ్లీ రొమ్ము కోయాలి. యాభై లోపు వాళ్లకి లోహం, అరవై ఐదు దాటితే జంతువుది అంటారు, మధ్యలో ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. మామూకి యాభై రెండు.

మామూ అడిగిన మొదటి మాట: "కౌన్‌సే జాన్వర్‌కా, సాబ్?"

సర్జన్ నా వైపు చూశాడు. కొన్ని పంది వాల్వ్‌తో చేస్తారు, కొన్ని ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో చేస్తారు అని నేను చెప్పాను. మామూ తల దించుకున్నాడు. నాకు మాత్రం ఆ నిమిషంలో ఇంకోటి తట్టింది. ఇన్నేళ్లుగా వందల చార్టులకి 33405 వేశాను. దాంట్లో లోహం వాల్వ్ అయినా అదే, ఫ్రేమ్ మీద కుట్టిన జంతు వాల్వ్ అయినా అదే. దవాఖానా బిల్లుకి వేసే ఏడక్షరాల కోడ్ వేరే ఉంటుంది. దాంట్లో ఆరో స్థానం లోపల పెట్టిన వస్తువుది. మనిషి తయారుచేసిందైతే జె, జంతువుదైతే 8. ఏ జంతువో మాత్రం ఆ 8 చెప్పదు. పంది, ఆవు రెండూ ఎనిమిదే. నా చేతి మీదుగా పోయిన వాళ్లలో మన వాళ్లెవరైనా ఉండి ఉంటారు, డెట్రాయిట్‌లోనో షికాగోలోనో. వాళ్లూ ఎవరినో అడిగే ఉంటారు. ఆ సవాల్ చార్టులో ఎక్కడా ఉండదు.

జుమా తర్వాత మామూతో మస్జిద్‌కి మా భాయ్ పోయాడు. ఇమామ్ సాబ్ తొందరపడలేదట. ఇంకో దారి లేకపోతే జాన్ కాపాడుకోవడమే ఫర్జ్, మజ్బూరీలో గునా లేదు, ఖురాన్‌లోనే సడలింపు ఉంది అన్నాడట. రసాయనాల్లో నానబెట్టి మార్చేసిన దానికి పాత హుకుం వర్తిస్తుందా లేదా అని ఉలమాలో రెండు మాటలున్నాయని కూడా చెప్పాడట. చివర్లో "నీకు ఇంకో రాస్తా ఉందా?" అని అడిగితే మామూ "హౌ, లోహేకా హై" అన్నాడట. "మరి డాక్టర్ సరే అంటే అదే తీసుకో, దిల్‌లో ఖటకా ఉండదు." నాకు ఆ జవాబు నచ్చింది. ఫత్వా పుస్తకం మూసి మనిషి మొహం చూసి మాట్లాడాడు. నాకు సొంతంగా ఆవు పొరది మంచిదనిపించింది, గోలీల బాధ ఉండదని. చెప్పాను కూడా. మామూ, "పదేళ్ల తర్వాత ఈఎస్‌ఐ ఎవరు కడతరు బేటీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంక అసలు యుద్ధం అడ్మిషన్ రోజు, బిల్లింగ్ డెస్క్ దగ్గర. సర్జన్‌ది కాదు ఈ గొడవ, ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. డెస్క్ కుర్రాడు ఒక కాగితం ఇచ్చాడు: ప్యాకేజీ ఈఎస్‌ఐ ఇస్తుంది, వాల్వ్‌కి డిఫరెన్స్ 60 వేలు, కన్జ్యూమబుల్స్ 48 వేలు మీరు కట్టాలి. కన్జ్యూమబుల్స్ అంటే ఏంటి అని అడిగితే పంప్ మెషీన్ గొట్టాలు, ఆక్సిజనేటర్, కుట్లు, గ్లౌజులు అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. రొమ్ము కోతకి వేరే, పంప్‌కి వేరే, కుట్టుకి వేరే. ఇదే పని నేను చేస్తే మా ఆడిటర్ ఎర్ర గీత పెడుతుంది.

నేను ముందు రోజే చదువుకుని పోయాను. ఈఎస్‌ఐ టై-అప్ దవాఖానాలకి సీజీహెచ్‌ఎస్ రేట్లు. ఆ ప్యాకేజీ అంటే చేరిన రోజు నుంచి గది, ఐసీయూ, థియేటర్, మత్తు డాక్టర్, సర్జన్, మందులు, వాడి పారేసే సామాను, ఫిజియోథెరపీ అంతా. ఇంత పెద్ద ఆపరేషన్ అయితే పన్నెండు రోజుల దాకా. వాల్వ్ లాంటి లోపల పెట్టే వస్తువు ధర మాత్రం ప్యాకేజీ పైన వేరే. కానీ అది ఈఎస్‌ఐకి పంపే బిల్లులో వేరే, డబ్బా మీద స్టిక్కర్ అతికించి, ఇన్‌వాయిస్ జతచేసి. పేషెంట్ జేబులోంచి కాదు.

"సార్, కన్జ్యూమబుల్స్ ప్యాకేజీలో లేవని ఒక లైన్ రాసి సంతకం పెట్టివ్వండి. రెఫరల్ లెటర్‌తో కలిపి ఈఎస్‌ఐలో చూపించి, వాళ్లు కట్టమంటే కడతాం" అన్నాను. గొంతు వణికింది, దాచడమెందుకు. ఆ కుర్రాడు లోపలికి పోయాడు. ఒక పెద్దాయన వచ్చాడు. "మేడమ్, మీ అంకుల్ ఆల్రెడీ ఒప్పుకున్నారు" అని ఇంగ్లీష్ కాగితం చూపించాడు. ఇంపోర్టెడ్ టిష్యూ వాల్వ్ మా ఇష్టంతో కోరుతున్నాం, డిఫరెన్స్ కడతాం అని. కింద మామూ ఉర్దూ దస్తఖత్. నేను టాయిలెట్‌కి పోయిన పది నిమిషాల్లో పెట్టించారు. మామూకి ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు. చదివి వినిపించాను. "జాన్వర్‌వాలా?" అని ఆయన మొహం పాలిపోయింది. ఆపరేషన్‌కి పర్మిషన్ అనుకుని పెట్టాడట.

ఆ కాగితం చింపమని అరవాలనిపించింది. అరవలేదు. చింపితే మాకే సబూత్ ఉండదు. దాని కిందే, మామూతోనే, "ఇది నాకు చదివి వినిపించలేదు, నాకు లోహం వాల్వ్ కావాలి, సర్జన్‌తో అదే మాట్లాడాను" అని ఉర్దూలో రాయించి, నేను పక్కన తెలుగులో రాసి, ఫోటో తీసుకున్నాను. తర్వాత సర్జన్ దగ్గరికే నేరుగా పోయాను. ఆయన కాగితం చదివి, కళ్లద్దాలు తీసి, డెస్క్‌కి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో బయటికి వినపడలేదు. సాయంత్రానికి రెండు లైన్లూ పోయాయి. మా పక్క బెడ్ మీద జహీరాబాద్ నుంచి వచ్చిన ముసలాయన కొడుకు అప్పటికే 40 వేలు కట్టేశాడు, పొద్దున. వాపసు అడగమన్నాను. "మళ్ల ఆపరేషన్ మంచిగ చెయ్యరేమో అక్కా" అన్నాడు. ఆ భయం వాళ్లకి ఎంత ఆమ్దానీయో నాకు ఆ రోజు తెలిసింది.

ఆపరేషన్ పొద్దున ఎనిమిదింటికి తీసుకుపోయారు. ముమానీ తస్బీ తిప్పుతూ కూచుంది. నేను బయట కూచుని, లోపల ఇప్పుడు ఏ పేరా నడుస్తోందో లెక్కేసుకున్నాను. ఇప్పుడు ఎముక. ఇప్పుడు క్లాంప్. ఇప్పుడు గుండె ఆగి ఉంటుంది. చార్టులో ఆ మాట దాటడానికి నాకు ఒక సెకన్ పట్టదు. క్లాంప్ ఎంతసేపు పెట్టినా కోడ్ మారదు కాబట్టి ఆ నిమిషాల్ని మేం చదవం కూడా. ఆ రోజు మాత్రం జొహర్ అజా వినపడే దాకా నేను ఆ ఒక్క వాక్యం దగ్గరే ఉన్నాను. ఒంటిగంటన్నరకి సర్జన్ బయటికొచ్చి చెయ్యి ఊపాడు.

పెట్టింది మన దేశం వాల్వే. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారుచేసిన నమూనా, ఒక ప్లాస్టిక్ బిళ్ల లోహపు చట్రంలో వాలి లేస్తుంది. 1990 డిసెంబర్‌లో మొదటిసారి మనిషికి పెట్టారు. మామూ సదాశివపేట నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీలకి వచ్చిన ఏడాదే అది. డిశ్చార్జ్ కాగితాల్లో స్టిక్కర్ కాపీ అడిగి తీసుకున్నాను. మీరూ అడగండి. వాల్వ్ పేరు, కొలత, సీరియల్ నంబర్ దాని మీదే ఉంటాయి. రేపు ఏ దవాఖానాకి పోయినా అదే చూపించాలి. నా కోడ్‌లు చెప్పలేనిది ఆ రెండంగుళాల స్టిక్కర్ చెప్తుంది.

ఇప్పుడు మామూకి రోజూ రాత్రి ఒక చిన్న గోలీ. రక్తం ఎంత పల్చగా ఉందో చూసే ఐఎన్‌ఆర్ రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. మొదట్లో ముమానీ పాలకూర, తోటకూర పూర్తిగా బంద్ చేసింది, ఎవరో చెప్పారని. డాక్టర్ బంద్ చేయొద్దు, వారం వారం ఒకే లెక్కలో తినమన్నాడు. ఒక వారం ఏం తినకుండా ఇంకో వారం కుండెడు తింటేనే చిక్కు. దాంతో ముమానీ మంగళవారం పాలకూర, శుక్రవారం మెంతికూర అని క్యాలెండర్ మీద రాసి పెట్టింది. జబ్బు సెలవు పైసలు రోజుకి 370 చిల్లర బ్యాంకులో పడ్డాయి, ఆలస్యంగా. అక్టోబర్ చివర మామూ పనిలోకి పోయాడు. రియాక్టర్ మీద కాదు, స్టోర్‌లో, కింద. రాత్రి ఇల్లు సద్దుమణిగితే తన రొమ్ములో సన్నగా టక్ టక్ వినిపిస్తుందంటాడు. ముమానీకి వినపడదట.

నవంబర్‌లో బ్రాంచి ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. రెండు నంబర్లూ కలిపేశారు, పుట్టిన తేదీ సరిచేశారు. పేరు ముందు మొహమ్మద్ పూర్తిగా వేశారు. చివర్లో డి బదులు టి పడింది. మామూ ఆ లెటర్‌ని మడిచి స్టిక్కర్ కాపీతో పాటు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, "సోమవారం పోదామా బేటీ?" అన్నాడు. సోమవారం నాకు సెలవు దొరకలేదు. మంగళవారం పోయాం.